పదిహేనో పాఠం

పద్నాలుగో పాఠంతో ఆ బ్లాగు ఆగిపోయింది.

సుమన తెరను పైకీ కిందికీ జరిపి చూసింది. ఇంకేమీ లేదు. "వచ్చే వారం పదిహేనో పాఠం. మనం కట్టిన పేజీని లోకమంతా చూసేలా నెట్‌లో ఎట్లా పెట్టాలో చెప్తాను" అని ఇంగ్లీషులో రాసి ఉంది. తేదీ నాలుగేళ్ల కిందటిది. దాని కింద ఎవరెవరో రాసిన మాటలు ఉన్నాయి. ఎక్కడున్నారు, బాగున్నారా, మీ పాఠం కోసం చూస్తున్నాం అని. ఒక్కదానికీ జవాబు లేదు.

"ఏమైంది బిడ్డా?" అంది జానకమ్మ. రాట్నం దగ్గర కండెకు నూలు చుడుతూనే ఆమె మనవరాలి మొహం కనిపెడుతోంది.

"ఏం లేదవ్వా. రాసే ఆమె రాసుడు బంద్ చేసింది."

"ఎందుకు?"

"నాకేం తెల్వదు."

రాట్నం ఆగింది. "పిల్ల పండుకున్నప్పుడు రాస్తనని అన్నదంటివి గదా ఆమె. పిల్లకేమన్న అయిందో ఏమో. లేకుంటే ఆమెనే దవాఖానలో పడ్డదో."

"అవ్వా, ఆమె ఎవరో, ఏ ఊరో మనకు తెల్వదు. నువ్వు పరేషాన్ గాకు."

జానకమ్మ పరేషాన్ కాకుండా ఉన్న రోజును ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కొడుకు నరేందర్ నూలు కోసం బజారుకు పోయి పది నిమిషాలు ఆలస్యం చేస్తే చాలు, గడపలో నిలబడుతుంది. పెళ్లికి పోయే చుట్టం బస్సెక్కినా కళ్లు తుడుచుకుంటుంది. కొన్నేళ్ల కింద ఒక పొద్దున భర్త బాలయ్య మగ్గం మీద కూర్చుని నేస్తూ నేస్తూ "జర నీళ్లియ్యి" అన్నాడు. ఆమె చెంబు పట్టుకొని తిరిగి వచ్చేసరికి ప్రాణం లేదు. అప్పటి నుంచి ఎవరు ఇల్లు దాటినా ఆమెకు ఆ చెంబే గుర్తొస్తుంది.

సుమన ఆ బ్లాగు పట్టుకొని ఎనిమిది నెలలైంది. డిగ్రీ అయ్యాక వనపర్తిలో ఒక కంప్యూటర్ కోర్సు వాళ్ల దగ్గరికి పోయి అడిగింది. తెలుగు మీడియం చదువని, నేతపని ఇల్లని విని, టేబుల్ వెనక కూర్చున్నాయన నవ్వాడు. "నీకెందుకమ్మా గిదంతా. చీరల షాపులో కూసుంటే మంచిగ నడుస్తది" అన్నాడు. సుమన గద్వాల బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. మర్నాడు సౌజన్య అనే స్నేహితురాలి దగ్గర నుంచి పాత లాప్‌టాప్ తెచ్చుకుంది. దాని బ్యాటరీ చచ్చిపోయింది. వైరు ఊడితే ఆగిపోతుంది. ఇంట్లో పనిచేసే ప్లగ్గు మగ్గం పక్కనే ఉంది కాబట్టి, మగ్గం గుంట గట్టు మీద లాప్‌టాప్ పెట్టి, బాసింపట్టు వేసుకొని కూర్చుని, ఇటూ అటూ పోగు మోసే నాడె చప్పుడులోనే పాఠాలు చదివింది. తెలియని ఇంగ్లీషు మాటలు నోటుబుక్కులో రాసుకుంది. ఒక్కో పాఠానికి రెండు మూడు వారాలు పట్టింది.

"గురువు లేకుండ ఎట్ల వస్తదే చదువు?" అని తల్లి అలివేలు విసుక్కుంటే, జానకమ్మ మాత్రం అడ్డుపడింది. "నాకెట్ల వచ్చింది?" అంది.

ఆమెకు చదువు పట్టు నుంచి వచ్చింది. చిలపలనే పట్టుదారం కట్టలు పాత పేపర్లలో చుట్టి వచ్చేవి. చిలప విప్పి, పేపరు చదును చేసి, బాలయ్యను ఒక్కో అక్షరం అడిగి నేర్చుకుంది. అట్లా ఎన్నో కథలు సగం సగం చదివింది. ఎక్కడ చిరిగితే అక్కడ ఆగాలి. తప్పిపోయిన పిల్ల దొరికిందా, కోర్టుకెక్కిన ఆడమనిషి గెలిచిందా, ఏదీ తెలియలేదు. ముప్పై నలభై ఏళ్ల కింద చదివినవి ఇప్పటికీ అడుగుతుంది, ఏమయ్యారో వాళ్లు అని.

అందుకే పద్నాలుగో పాఠం దగ్గర ఆగిపోవడం ఆమెకు నచ్చలేదు. "ఇంకోళ్లెవలన్న రాసి ఉంటరు. చూడు" అంది.

సుమన చూసింది. ఒక బ్లాగులో సగం, ఇంకో బ్లాగులో సగం దొరికాయి. ఒకటి పాత పద్ధతి, ఒకటి కొత్తది. రెండూ కలిపితే పేజీ అడ్డదిడ్డంగా విరిగింది. మళ్లీ విప్పింది, మళ్లీ కట్టింది. ఒకసారి రాతలన్నీ నెట్‌లో కనిపించాయి గానీ ఫొటోలు రాలేదు. ఇంట్లో లాప్‌టాప్‌లో బాగానే ఉన్నవి బయటికి పోగానే మాయమయ్యాయి. మూడు రోజులు తిండి సరిగా తినలేదు. చివరికి ఎవరో ఒకాయన బ్లాగు అడుగున, ఎవరో అడిగిన ప్రశ్నకు ఇంకెవరో ఇచ్చిన జవాబులో సంగతి దొరికింది. ఫొటో పేరులో ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటే ఇంట్లో లాప్‌టాప్ సర్దుకుంటుంది గానీ బయట నెట్ ఒప్పుకోదట. సుమన పేర్లన్నీ దిద్దింది. ఫొటోలు వచ్చాయి.

ఆ పేజీలో పదకొండు చీరలున్నాయి. తమ ఇంటివి అయిదు, పక్కింటి పుష్పమ్మవి మూడు, ఆ వీధిలోవే మరో మూడు. ప్రతి చీర కింద నేసినవాళ్ల పేర్లు. "నేసినది నరేందర్. అవతలి అంచు నాడె అలివేలు. కండెలు జానకమ్మ."

జానకమ్మ తన పేరు తెర మీద చూసి, వేలితో ముట్టబోయి వెనక్కి తీసుకుంది.

"అది అట్లనే ఉంటదా? కరెంటు పోతే పోతదా?"

"పోదవ్వా. మన ఇంట్ల కరెంటు పోయినా అది ఉంటది."

*

నాలుగో రోజు మధ్యాహ్నం సావుకారి రామచంద్రయ్య వచ్చాడు. ఆ వీధిలో సగం మగ్గాలకు పడుగూ పట్టూ జరీ ఇచ్చేది ఆయనే. నేసిన చీర తీసుకొని పోయేదీ ఆయనే. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఫోను ముందుకు చాపాడు.

"ఏంది జానకక్కా గిది? నీ మనవరాలు నా చీరలను లోకం మీద పెట్టింది."

"నీ చీరలే రామచంద్రయ్యా. పేర్లు మావి పెట్టింది, అంతే."

"అంతేనా? పట్నంల నా దగ్గర కొనేటోళ్లు ఫోన్ చేస్తున్నరు. మీ సొంత కార్ఖానాల నేసినవంటిరి, ఈ నరేందర్ ఎవలు, ఈ పుష్పమ్మ ఎవలు అని అడుగుతున్నరు. ఏమని చెప్పాలె?"

"ఉన్నది చెప్పు" అంది సుమన గట్టు మీద నుంచి.

రామచంద్రయ్య ఆమె వైపు చూడలేదు. ఫోను నరేందర్‌కు చూపించి నవ్వాడు. "ఇగ చూడు, పెట్టినదన్న సక్కగ పెట్టిందా? పదకొండు చీరలుంటే పదకొండూ ఎనకదిక్కే. పోగులు ఏలాడుతున్నయి. చూసినోళ్లు ఇవి గద్వాల చీరలా, దుప్పట్లా అంటరు. ఎనకదిక్కు ఎవలు చూస్తరమ్మా? చదువు మంచిగనే వచ్చింది."

నిజమే. మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. పైకి కనిపించేది వెనకవైపు. ముఖం కిందికి ఉంటుంది. చీర దిగాక మడత పెట్టి సావుకారికి ఇవ్వడమే గానీ, దాన్ని తిప్పి పరిచి చూసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. సుమన పుట్టిన దగ్గర నుంచి చూసిన చీర అదే. ఫొటో తీసేటప్పుడు అది వెనకవైపు అన్న ఆలోచనే ఆమెకు రాలేదు. చూసిన వీధివాళ్లలో ఒక్కరికీ రాలేదు.

"శుక్రవారం వరకు చూస్త" అన్నాడు రామచంద్రయ్య చెప్పులు తొడుక్కుంటూ. "అది తీసెయ్యిండ్రి. లేకుంటే నా పడుగు కోసుకొని పోత. నరేందర్, నీ బిడ్డకు జర నచ్చజెప్పు."

ఆయన పోయాక నరేందర్ మగ్గం దిగాడు. "తీసెయ్యి సుమనా."

"తియ్య."

"పడుగు పోతే మగ్గం ఖాళీ. తెలుస్తుందా నీకు? ఏం నేయాలె నేను, గాలా?"

"నాయినా, నేసింది నువ్వు. నువ్వు నేసినవని చెప్పుటానికి ఆయనను అడగాల్నా?"

"అడగాలె" అన్నాడు నరేందర్. చెప్పాక తనకే ఆ మాట నచ్చనట్టు అలివేలు వైపు చూశాడు. అలివేలు నాడెలో కండె మార్చింది.

"ఎనకదిక్కు పెట్టుడు మాత్రం నా తప్పే" అంది సుమన నెమ్మదిగా. "పొరుగోళ్లవి కూడ ఖరాబ్ చేసిన. అవన్న తీసి, ముందట దిక్కు ఫొటోలు మళ్ల తీస్త."

పేజీ తీసెయ్యమనే మాట జానకమ్మ నాలుక మీదికే వచ్చింది. పడుగు పోవడమంటే ఆమెకు ఇంట్లో మనిషి పోవడం లాంటిదే. కానీ 'ఎనకదిక్కు ఎవలు చూస్తరు' అన్న మాట లోపల ముల్లులా గుచ్చుకుంది.

బాలయ్య పోయిన ఏడాదికి ఆమె బజారులో ఒక పెద్ద చీరల షాపు ముందు నిలబడింది. అద్దంలో బొమ్మకు చింతపిక్క రంగు చీర కట్టి ఉంది. ఆ రంగు ఆమెకు తెలుసు. లోపలికి పోయి, కుచ్చిళ్ల అంచు కొంచెం తిప్పి చూసింది. చీర ఒంటి నూలు, అంచు పట్టు ఒకదానిలో ఒకటి మెలిక వేసుకునే చోట బాలయ్య ప్రతి మెలికనూ కాస్త ఎడమకు లాగేవాడు. పని చేసి చేసి వంకర పోయిన బొటనవేలి వల్ల అట్లా పడేది. ముఖం వైపు అది ఎవరికీ తెలియదు. వెనక మాత్రం సన్నటి గీతలా ఉంటుంది. అది ఆయన ఆఖరి చీర. సగంలో ఆగితే నరేందర్ పూర్తి చేసింది. గీత ఒకచోట ఆగిపోవడం కూడా కనిపించింది. "ముట్టద్దమ్మా, అది మా సొంత కార్ఖానాల నేసిన స్పెషల్" అన్నాడు షాపతను. ఆమె చెయ్యి తీసేసింది. అది నా పెనిమిటి నేసిండు అని చెప్పలేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇప్పుడు చెప్పింది.

"యాభై ఏండ్లు కండెలు చుట్టిన. ఎన్ని చీరలు పోయినయో ఈ గడప దాటి. ఏది యాడికి పోయిందో, ఎవలు కట్టుకున్నరో ఒక్కటి తెల్వదు నాకు. ఒక్కటంటె ఒక్కటి దొరికింది, అది కూడ ఎనకదిక్కు చూస్తేనే దొరికింది." సుమన వైపు తిరిగింది. "ఫొటోలు మార్చకు. మిషన్ మీద నేసి గద్వాల అని అమ్మేటోళ్లు ముందట దిక్కు ఎంతయినా సక్కగ చూపిస్తరు. ఎనక ఈ మెలిక వాళ్లకు రాదు. పోగులు ఏలాడుతున్నయా, ఏలాడనియ్యి. చెయ్యి తిరిగిన జాగ అది. గట్లనే రాయి దాని మీద."

"అమ్మా, పడుగు?" అన్నాడు నరేందర్.

"పోనియ్యి."

ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అతను జీవితంలో మొదటిసారి విన్నాడు.

*

శుక్రవారం రామచంద్రయ్య కత్తెర తెచ్చుకొని మరీ వచ్చాడు. వస్తూనే ఫోనులో పేజీ తెరిచి చూశాడు. చీరలు అట్లాగే బోర్లా ఉన్నాయి. పైన కొత్తగా పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం చేరింది: "ఇవి వెనకవైపులు. చేతితో నేసిందా లేదా ఇక్కడ చూసుకోండి." పేర్లు ఇంకా పెరిగాయి. చీరలిప్పుడు పద్నాలుగు.

"నా మాటంటే లెక్కలేదన్నట్టు."

"నీ పడుగు నీకిస్తున్నం" అంది జానకమ్మ. "నీ జరీ, నీ పట్టు మూట గట్టి పెట్టినం. చూసుకో."

ఆయన కత్తెర తీసి మగ్గం దగ్గరికి నడిచాడు. జానకమ్మ అడ్డంగా నిలబడింది.

"నువ్వు కోసుడు గాదు. ఇటియ్యి."

"ఎవలు కోస్తే ఏంది?"

"నువ్వు మొదట్లకు కోస్తవు."

మగ్గం మీద పడుగు ఎప్పుడూ మొదలంటా కొయ్యరు. దువ్వెన లాంటి పన్నెలో దూరిన పోగులు జానెడు పొడుగున వదిలిపెడతారు. కొత్త పడుగు వచ్చినప్పుడు, వేళ్లకు బూడిద అద్దుకొని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస మెలిపెట్టి, వేల పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. కొస లేకపోతే మళ్లీ మొదటి నుంచి ప్రతి పోగూ ఎక్కించుకోవాలి, నెల పని. రామచంద్రయ్యకూ ఆ సంగతి తెలుసు. ఆయన తండ్రి నేసినవాడే.

"ఆ జానెడు కూడ నాదే" అన్నాడు.

"నీదే. కావాల్నంటే పోలీసోళ్లను తోలుకరా, జానెడు నూలు దొంగిలించిన్రని రాయించు. వాళ్లకు కూడ ఎనకదిక్కు చూపిస్త."

గడపలో నిలబడ్డ పుష్పమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. రామచంద్రయ్య వాళ్లను చూశాడు. వాళ్ల ఇళ్లలోనూ ఆయన పడుగులే ఉన్నాయి. అన్నీ ఒక్కరోజున కోసుకొని పోతే చీరలు ఎవరు నేస్తారో ఆయనకు అప్పుడు తట్టినట్టుంది. కత్తెర ఆమె చేతిలో పెట్టాడు.

జానకమ్మ మగ్గం ముందు కూర్చుంది. బాలయ్య కూర్చున్న చోటే అది. జానెడు కొలిచి, పోగులు గుప్పిటతో బిగబట్టి, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా కోసింది. పోగులు తెగిన చప్పుడు చాలా చిన్నది. వదిలిన కొసలను గుత్తులు గుత్తులుగా ముడేసింది, చెదిరిపోకుండా. మిగతాది చుట్ట చుట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన పోతుంటే గడపలోకి పోయి నిలబడలేదు.

"రేపేం చేద్దాం?" అన్నాడు నరేందర్.

"చేనేత సొసైటీల నూలు అడుగు. లేదంటే కర్నూలు పోయి తెచ్చుకుందాం. నేను కూడ వస్త."

ప్లగ్గు పక్కన సుమన లాప్‌టాప్ తెరిచింది. ఖాళీ మగ్గం పక్కన దాని ఫ్యాను చిన్న మోత పెద్దగా వినిపించింది. జానకమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"ఆ పద్నాలుగు పాఠాల ఆమె, మళ్ల ఏమన్న రాసిందా?"

"లేదవ్వా."

"ఆమె కోసం అడిగినోళ్లు ఇంక అడుగుతనే ఉన్నరా?"

"నిన్న కూడ ఒక పిల్ల అడిగింది. పదిహేనోది యాడుందని."

జానకమ్మ ముడేసిన కొసల వైపు చూసింది. "నీకిప్పుడు వచ్చు గదా పదిహేనోది. రాయి. ఆమె ఆపిన కాడికెళ్లి రాయి. ఫొటో పేర్ల సంగతి మర్చిపోకు, ఆ పిల్ల మూడు రోజులు తిండి మానకుండ."

"ఇంగ్లీషులనా, తెలుగులనా?"

"రెండిట్ల. తెలుగుది నేను చదువుత, తప్పులుంటే చెప్త."

సుమన తన పేజీలోనే, ఆ బ్లాగామె ఆపినచోటి నుంచి మొదలుపెట్టింది. కింద, రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట, పాఠం పూర్తి కాకముందే జానకమ్మ వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ ఆమె పేరు కూడ పెట్టు. పేరు తెల్వదంటవా? మొదటి పద్నాలుగు రాసిన ఆమె అని పెట్టు."