కుడి మూల గులకరాళ్ళు

అక్వేరియం అడుగు నెలకోసారి కడగాలి. కడక్కపోతే ఏమవుతుందని అడిగేవాళ్ళు చేపల్ని పెంచకుండా గోడకి చేపల బొమ్మ తగిలించుకోవడం మేలు. తినగా మిగిలిన మేత, చేపలు వదిలిన మురికి, ఆ గదిలో మనుషులు మాట్లాడుకున్న మాటలు, అన్నీ కిందికి దిగి గులకరాళ్ళ మధ్య ఇరుక్కుంటాయి. తేలిక మాటలు పైపైనే ఉంటాయి, బరువైనవి అడుగు గాజు దాకా దిగుతాయి. గొట్టం పెట్టి లాగితే మురికినీళ్ళతో పాటు బకెట్లోకొచ్చి, ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే ఒకసారి పలికి ఊరుకుంటుంది. ఆ నీళ్ళు మొక్కలకి పోసేస్తారు.

అడుగంతా ఒకేసారి కడిగితే చేపలు తట్టుకోలేవు. అందుకని ఒక నెల ఎడమవైపు, ఒక నెల మధ్యన, ఒక నెల కుడివైపు కడుగుతారు. టైలరమ్మ ఇంట్లో ఆ పని చేపలాయన చేసేవాడు. ఇంటింటికీ తిరిగి తొట్టెలు కడగడమే ఆయన వృత్తి. నోట్లో నాలుక లేని మనిషి. రెండేళ్ళ నుంచి వస్తున్నా "అయిపోయిందండీ, వస్తాను" తప్ప ఇంకో మాట ఆ ఇంట్లో ఎవరూ విన్లేదు.

పోయిన నెల చేపలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే టైలరమ్మ వంగి చూసింది. తన కుట్టుమిషన్ పక్కన, తొట్టె కుడి మూల గులకరాళ్ళు మసిపట్టిన గిన్నెలా ఉన్నాయి. ఇక చూస్కోండి. "ఈ మూల ఒక్కసారైనా ముట్టుకున్నారా? పని ఎగ్గొట్టి పెద్దమనిషిలా నటిస్తారా? రేపట్నుంచి రాకండి" అని దులిపేసింది. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఈ ఆదివారం ఆవిడే గొట్టం పట్టుకుంది. కుర్చీలోంచి వాళ్ళ నాయనమ్మ మొదలెట్టింది.

"ఆ చేపలాయన ఊరొదిలి పోతున్నాడటే. ఇవాళ పదకొండింటి బస్సుకి. రేవులో ఏదో ఉద్యోగమట."

"పోనీ. నాకేం?"

"నీకేం లేదనుకో. మరి ఆయనొచ్చే ఆదివారమే నీకు కుట్టు పని ఎందుకు పుట్టుకొస్తుందో చెప్పు. పోయిన ఏడాదంతా చూశాను, కుట్టిన గుడ్డే విప్పి కుట్టావు."

టైలరమ్మ బకెట్ దగ్గరికి లాక్కుంది. ఆ మాట నిజమే. ఆయన ఉన్నంతసేపూ దగ్గర్లో కూర్చోడానికి ఆవిడకి మిషన్ తప్ప ఇంకో సాకు లేదు. అంత ఇష్టపడ్డ మనిషి పని దొంగ అని తేలేసరికే కదా అంత కోపం వచ్చింది.

గొట్టం వెడల్పు మూతి కుడి మూల గులకరాళ్ళలోకి గుచ్చింది. రాళ్ళు గొట్టంలో గిరగిరా లేచాయి. మరీ పైకొస్తుంటే బొటనవేలితో గొట్టం నొక్కి కిందికి జారనిచ్చింది. బకెట్లో నల్లనీళ్ళు పడ్డాయి.

"జాకెట్టు చంక దగ్గర బిగుతట. తిండి తగ్గించమంటే మాత్రం కోపం." అది టైలరమ్మ గొంతే. నాయనమ్మ నవ్వింది.

తర్వాత మిషన్ చప్పుడుతో కలిసి ఓ మగ గొంతు వచ్చింది.

"ఇవాళ దగ్గుతున్నారు. వేడినీళ్ళు తాగండి."

టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆపకే, గుచ్చు" అంది నాయనమ్మ, కుర్చీ ముందుకి లాక్కుంటూ.

"సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టింది మీకు. కళ్ళద్దాలు మార్చుకోవాలి. నేను తోడొస్తాను." బకెట్ సగం నిండింది. "మిషన్ ఆగినప్పుడల్లా నా నోరూ ఆగిపోతోంది. ఏం మనిషినో." ఇంకా లోతుకి గుచ్చింది. "ఈ మూల కడిగితే ఇవన్నీ మీ ముందే పలుకుతాయి. అందుకే కడగడం లేదు. చేపలూ, తప్పు నాదే."

గొట్టం అడుగు గాజుకి తగిలింది. అన్నిటికంటే బరువైన మాట అప్పుడొచ్చింది. "మీకిష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామండీ."

గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. "నే తిప్పిన మిషన్ చప్పుడే నా కొంప ముంచింది" అంటూ టైలరమ్మ లేచింది. గొట్టం నాయనమ్మ చేతిలో పడింది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి నాయనమ్మ చెప్పు. మోచేతుల దాకా తడి. అలాగే మెట్లు దిగి, వీధి చివరి కొట్టు దాటి, రోడ్డు మీద బళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి బస్టాండుకి పరుగో పరుగు.

బస్సు కదలబోతోంది. మూడో కిటికీలో చేపలాయన. టైలరమ్మ అద్దం మీద దబదబా కొట్టింది.

"కడిగాను" అంది రొప్పుతూ. "అడుగుదాకా కడిగాను."

ఆయన మొహం కందగడ్డ అయింది.

"రాళ్ళకి చెప్పారు, చేపలకి చెప్పారు. నాకు చెప్పండి."

వాళ్ళ మాటలు ఒకరికొకరికి వినపడవని డ్రైవర్ ఇంజన్ కట్టేశాడు. పాపం, సాయం చేద్దామనే. బస్సంతా నిశ్శబ్దం. నలభైమంది ఒకేసారి ఇటు తిరిగారు. చేపలాయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. టైలరమ్మ కిటికీ ఊచ వదల్లేదు.

"మనం పెళ్ళి చేసుకుందామండీ" అన్నాడు, వెనక సీట్లో నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడేంత గట్టిగా.

"చేసుకుందాం. ముందు దిగండి."

ఆయన దిగాడు. బస్సు కదిలిపోయింది. ఆయన పెట్టె కూడా బస్సు మీదే రేవుకి పోయింది. ఆ సంగతి ఇద్దరికీ వీధి మలుపు తిరిగాక గానీ గుర్తురాలేదు. పోతే పోయిందిలెండి అన్నాడాయన. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆ మనిషి నోరు మూస్తే ఒట్టు.