స్క్రూ మీద ఎర్ర చుక్క

చైను కడిగిన కిరసనాయిలు డబ్బాని కాలితో బల్ల కిందికి నెట్టి చేతులు తుడుచుకుంటుండగా మేస్త్రికి ఆ మోత వినపడింది. బండి ఇంకా వీధి మొదట్లోనే ఉంది. అయినా గుర్తుపట్టాడు. దర్జీ బండి అది. ఆక్సిలరేటర్ వదిలేసినా ఊరుకోదు, ఎవరో తరుముకొస్తున్నట్టు ఒకటే గోల.

వీధిలో అందరూ అతన్ని ‘రేపు మేస్త్రి’ అంటారు. ఎవరు బండి తెచ్చినా, దాని ముఖమైనా చూడకుండా "రేపు రండి" అనేస్తాడు. చేతకాక కాదు, బద్ధకమూ కాదు. ఒక రాత్రి తన రేకుల షెడ్డులో నిద్రచేస్తే బండి తన జబ్బు తనే చెబుతుందని అతని నమ్మకం. దర్జీదీ అదే బాపతు. మేస్త్రి ఇచ్చిన చొక్కాగుడ్డ ఏళ్ల తరబడి అతని దగ్గరే ఉంది. ఎప్పుడడిగినా "గుండీలే బావా, గుండీలొక్కటే మిగిలాయి" అంటాడు. మేస్త్రి భార్యని చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి మేస్త్రి బావయ్యాడు. వాళ్ల చుట్టరికం అంతే.

బండి వెనక సీటు మీద ఇవాళ పెద్ద మూట తాళ్లతో బిగించి ఉంది. అది చూడగానే మేస్త్రికి మనసు చివుక్కుమంది. కొండమీది ఊళ్లో దర్జీ సొంత చెల్లెలికి కుట్టు కొట్టు ఉంది. ఆవిడకి చూపు మందగించి సూదిలో దారం ఎక్కడం లేదు. అన్నయ్యా వచ్చెయ్ అంది. ఇతనికా పెళ్లీ పెటాకులూ లేవు. సరేనన్నాడు. కుట్టుమిషను లారీలో ముందే వెళ్లిపోయింది.

"మళ్లీ రంకెలు మొదలెట్టింది బావా! చీకటి పడకముందే కొండ దాటాలి. రేపట్నించి బడిపిల్లల యూనిఫారాలు కుట్టాలి. ఈ గోలతో మలుపుల్లో బండి అదుపులో ఉండదు."

"కూర్చో, కూర్చో. నీ స్క్రూ సంగతి నాకు తెలీదా ఏమిటి?"

దర్జీ ఉలిక్కిపడ్డాడు. "ఒట్టు బావా! ఇవాళ నేను ముట్టుకోలేదు!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇవాళ అంటే?" అన్నాడు మేస్త్రి.

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. తరచూ పొద్దున్నే ఇలా రావడం, "ఐడిలింగ్ ఎక్కువైంది" అనడం, మేస్త్రి కార్బురేటర్‌కున్న, ఆ మోత తగ్గించే చిన్న స్క్రూని కాస్త వెనక్కి తిప్పడం, ఆ వంకన ఇద్దరూ భోజనాల వేళదాకా లోకంలోని మనుషులందరినీ కడిగేయడం ఎన్నాళ్లనుంచో సాగుతున్న భాగోతం. దానంతటది తిరిగే స్క్రూ కాదు. అనుమానమొచ్చి మేస్త్రి ఒకసారి భార్య ఎర్ర గోళ్లరంగు తెచ్చి, స్క్రూ తల మీద ఒక చుక్క, దాని పక్కనే కార్బురేటర్ మీద ఒక చుక్క పెట్టాడు. ఆ తర్వాత బండి వచ్చిన ప్రతిసారీ రెండు చుక్కలూ ఎడమొహం పెడమొహంగానే ఉండేవి.

"అంటే తెలిసే ఊరుకున్నావా?"

"ఊరుకోడమా? లోపలి స్ప్రింగు గట్టిగా ఉంటే నీ చెయ్యి నొప్పెడుతుందని మెత్తటిది మార్చాను కూడా."

ఇద్దరూ పగలబడి నవ్వారు. దర్జీకి పొలమారింది. మేస్త్రి నవ్వుతూనే మోకాలి మీద కూర్చుని, జిడ్డు తుడిచి చూశాడు. చుక్కలు రెండూ ఎదురెదురుగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది. ఈసారి బండికి నిజంగానే జబ్బు చేసింది.

హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాడు. మోత మారలేదు, కాబట్టి కేబుల్ తప్పేం లేదు. చోక్ కూడా వేసి లేదు. "నీ ఇస్త్రీ నీళ్ల సీసా ఉందా?" అనడిగాడు. దర్జీ మూటలోంచి పిచికారీ సీసా తీసిచ్చాడు. కార్బురేటర్‌కీ ఇంజనుకీ నడుమ ఉండే రబ్బరు మీద మేస్త్రి నీళ్లు చిమ్మాడు. ఇంజను ఒక్క క్షణం గొంతు తగ్గించి, మళ్లీ అరిచింది. అదీ సంగతి! రబ్బరు చిట్లింది. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది.

పాత రబ్బర్లు దాచే రేకుడబ్బాలో చెయ్యి పెట్టాడో లేదో, సరిపోయేది వేళ్లకి తగిలింది. చెయ్యి అక్కడే ఆగింది. లేదు బావా, తెప్పించాలి అంటే చాలు, దర్జీ నమ్ముతాడు. ఈ రాత్రి ఇంట్లో మూడు కంచాలు పెట్టుకోవచ్చు. రేపు ఇంకో వంక దొరక్కపోదు. జన్మలో ‘రేపు’ అన్న మాట అనాలని ఇంతగా ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడే అన్నం క్యారేజీతో భార్య వచ్చింది. మూటనీ, మొగుడినీ, డబ్బాలోని చేతినీ చూసింది.

"ఏమిటి, రేపేనా?" అంది మెల్లగా.

మేస్త్రి రబ్బరు బయటికి తీశాడు. "ఇవాళే."

"అమ్మో! సూర్యుడు ఏ వైపు పొడిచాడో!" అంటూ ఆమె క్యారేజీ విప్పింది. ముగ్గురూ బల్ల మీదే తిన్నారు. దర్జీ అన్నం రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

తర్వాత మేస్త్రి రబ్బరు బిగించి బండిని పరీక్షకి తీశాడు. ఊళ్లోని బళ్లన్నీ అతను నడిపినవే, అన్నీ ఆ వీధి మలుపుదాకానే. మలుపు దగ్గర వెనక్కి తిప్పుకురావడమే తప్ప దాన్ని దాటి వెళ్లే పని అతనికి ఎన్నడూ పడలేదు. ఇవాళా అక్కడే తిప్పాడు. షెడ్డు ముందు ఆపితే ఇంజను టుక్కు టుక్కుమంటూ బుద్ధిగా నిలబడింది.

దర్జీ కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. "నీ చొక్కా."

"గుండీలో?"

"కుట్టేశాను బావా." అతను చూపు తిప్పుకున్నాడు. "చెల్లెమ్మా, వస్తాను."

"జాగ్రత్త అన్నయ్యా, మలుపుల్లో మెల్లగా వెళ్లు."

బండి కదిలింది. ఇదివరకు పెద్దరోడ్డు ఎక్కేదాకా వినపడేది దాని మోత. ఇవాళ మేస్త్రి బాగుచేసిన పాపానికి మలుపు తిరగకముందే వీధి రొదలో కలిసిపోయింది. ఇంకా వినాలని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కళ్లు తడిశాయి. కిరసనాయిలు ఘాటన్నాడు.

"చొక్కా తొడుక్కోండి, చూద్దాం" అంది భార్య.

తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర కాస్త బిగువు, ఆ గుడ్డ ఇచ్చిన నాటి పొట్ట కదా. నవ్వొచ్చింది. చొక్కా జేబు లోపల ఇంకో సన్నటి జేబు కుట్టి ఉంది. అందులో ఏదో గట్టిగా వేలికి తగిలింది. బయటికి లాగి చూస్తే, కుట్టుమిషనుతో పాటు వచ్చే బుల్లి స్క్రూడ్రైవరు, పిడికి ఎర్రదారం చుట్టి, మొనకి ఇంకా ఆ గోళ్లరంగు అంటుకునే ఉంది.