థ్రాసోస్ రాసిచ్చిన మూడో పేజీ

మా కమ్యూనిస్టు పార్టీలో ప్రతి సభ్యుడూ తన జీవితచరిత్ర తానే రాసివ్వాలి. తండ్రి ఏం పని చేసేవాడు, తనకు ఎవరెవరు తెలుసు, ఎక్కడ తప్పు చేశాడు, అన్నీ. థ్రాసోస్ కరవేలిస్ అప్పటికి ఆరుసార్లు రాశాడు. ఏడోది 1963 మార్చిలో, తాష్కెంట్‌లో మా గ్రీకు కాందిశీకుల కాలనీలో, నా చేతికిచ్చాడు.

నేను కాలనీ శాఖ కార్యదర్శిని. మా నాన్న గొర్రెలు కాసేవాడు, వేలిముద్ర మనిషి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఆ చదువు చెప్పించింది పార్టీ. అందుకే పార్టీ చెప్పిన పని అక్షరం పొల్లుపోకుండా చేసేదాన్ని.

థ్రాసోస్ ఒకప్పుడు కేంద్ర కమిటీలో ఉన్నవాడు. కవాలాలో పొగాకు కార్మికుడిగా మొదలై, పన్నెండేళ్లు జైళ్లలోనూ ఖైదీలని ఉంచే దీవుల్లోనూ గడిపి, అంతర్యుద్ధంలో ఒక డివిజన్‌కి రాజకీయ నాయకుడయ్యాడు. ఓడిపోయి అందరం ఇక్కడికి వచ్చిపడ్డాక, 1956లో పాత నాయకత్వంతోపాటు ఆయన్నీ పార్టీలోంచి తీసేశారు. ఇప్పుడు జౌళి మిల్లు గేటు దగ్గర కాపలా. ఊపిరితిత్తులు పాడయ్యాయి. సభ్యత్వం తిరిగి ఇమ్మని ఆయన అర్జీ.

మొదటి రెండు పేజీలూ అందరికీ తెలిసినవే. మూడో పేజీలో ఇలా ఉంది: ‘1948 ఏప్రిల్‌లో అర్గీరిస్ జాకస్ అనే మా కమాండరు శత్రువుల ఏజెంటని తీర్పు రాసి సంతకం చేశాను. ఆ ఉదయమే అతన్ని కాల్చేశారు. అతను ఏజెంటు కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.’

అర్గీరిస్ తల్లి అసిమీన మా మెట్ల కిందింట్లోనే ఉంటుంది. నీ కొడుకుని బహిష్కరించామని మాత్రమే పార్టీ ఆమెతో చెప్పింది. పోయాడని ఎవరూ చెప్పలేదు. ఆమెని పలకరించకూడదని ఒకప్పుడు కాలనీలో ఆదేశం ఉండేది. ఆదేశం పోయినా అలవాటు పోలేదు.

“బాబాయ్, ముందు ఆ అవ్వకి చెప్పాలి కదా?” అన్నాను.

“ముందు పార్టీకి. ఆ తీర్పుని కమిటీయే రద్దు చెయ్యాలి. నీ కొడుకు ద్రోహి కాదని ముద్రపడ్డ కాగితం పట్టుకుని నేనే వెళ్తాను. ఉత్త నోటిమాట ఆమెకెందుకమ్మాయ్?”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“నెల, నెలన్నర. అందాకా ఇది శాఖ దాటకూడదు. మాటివ్వు.”

ఇచ్చాను.

ఆదివారం రష్యన్ల గుడికి వెళ్లేముందు అవ్వ నా చేత చీటీలు రాయించుకునేది. బతికున్నవాళ్ల పేర్లు ఒక చీటీలో, పోయినవాళ్లవి ఇంకోదాంట్లో. పాదిరి వాటిని చూసి ప్రార్థనలో చదువుతాడు.

“పార్టీ కార్యదర్శి చేత గుడి చీటీలు రాయిస్తున్నా. నిన్నూ గెంటేస్తార్లే, ఇద్దరం కలిసి కూరరొట్టెలు అమ్ముకుందాం,” అని నవ్వేది. “రాయి. బతికున్నవాళ్లలో ముందు అర్గీరిస్. ఏదో ఓడలో పని చేస్తుంటాడు. ఉత్తరం రాయడు, బద్ధకపు వెధవ, చిన్నప్పట్నుంచీ అంతే.”

నా చెయ్యి ఆగింది.

“ఏమే? అంత చదువు చదివి నా కొడుకు పేరు రాయడం రాదా?”

రాశాను. ఆ తర్వాత పది ఆదివారాలూ అలాగే రాశాను. నేను బతికున్నవాళ్ల చీటీలో రాసినంత కాలం ఆమె అతనికి కర్మ చెయ్యలేదు.

జూన్‌లో అవ్వని ఆసుపత్రిలో చేర్చారు. న్యుమోనియా. నేను మిల్లు గేటు దగ్గరికి పరిగెత్తాను.

“బాబాయ్, అవ్వ బతికేలా లేదు. ఇవాళే వెళ్లి చెప్పు.”

“గురువారం కమిటీ కూర్చుంటోంది.”

“అందాకా ఉండదు.”

“నేను క్రమశిక్షణ తప్పితే ఆ పేజీ చించేస్తారు. వాడు ఎప్పటికీ ద్రోహిగానే ఉండిపోతాడు.”

“నీ క్రమశిక్షణే కదా వాణ్ణి చంపింది?”

ఆయన దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. గేటు తీసి లారీని లోపలికి వదిలాడు.

నేనొక్కదాన్నే ట్రామెక్కి వెళ్లాను. అవ్వ కళ్లు తెరిచే ఉంది.

“మీవాళ్లు వాడి సంగతేమన్నా చెప్పారా?”

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిస్తే చాలు.

“ఇంకా లేదవ్వా.”

“అడుగుతుండు. నువ్వు అడిగితే చెబుతారు.”

బుధవారం అవ్వ పోయింది.

గురువారం కమిటీ కూర్చుంది. పది రోజులకు నిర్ణయం వచ్చింది. థ్రాసోస్ కరవేలిస్‌కి సభ్యత్వం తిరిగి ఇస్తున్నారు. మూడో పేజీ అర్జీకి సంబంధించినది కాదు కాబట్టి తొలగించారు. కార్డు అందజేసి సంతకం తీసుకొమ్మని నాకు రాశారు.

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.

“తీసేశారా?”

“తీసేశారు.”

“ఎవరన్నా ఏమన్నా అడిగారా?”

“లేదు బాబాయ్.”

వద్దంటాడేమోనని చూశాను. కార్డు బల్లమీద నా వైపుకి తోసేస్తాడనుకున్నాను. తోసేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని పూర్తి పేరు రాసి సంతకం చేశాడు.

“పదహారో ఏటనుంచీ నాకు ఇదొక్కటే ఉంది, అమ్మాయ్,” అన్నాడు. “ఇది లేకుండా చావలేను.”

తర్వాతి శాఖా సమావేశంలో ఆ నిర్ణయం చదివాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఆమోదించేవాళ్లు చేతులెత్తమన్నాను. అందరికంటే ముందు నాదే లేచింది.