ముట్టకుండనే మొదలైతాంది

"బిడ్డా, నీ స్క్రీన్ శానా హుషారైంది. నేను ముట్టకుండనే పని మొదలువెడుతాంది" అని బాపు ఫోన్ల నవ్విండు.

నవ్వే ముచ్చటనా ఇది? ఆ స్క్రీన్ మా కొట్టంల గడ్డి కోసే మిషన్‌కు పెట్టింది. బర్లకు జొన్న చొప్ప నరికే కత్తులకు, చొప్ప ఏదో చెయ్యి ఏదో తెల్వది. పచ్చ గుర్తు ముడితే తిరుగుతది, ఎర్ర గుర్తు ముడితే ఆగుతది. ఆ స్క్రీన్ల వేలును పసిగట్టే తీగలు ఎట్ల పోవాల్నో గీసింది నేనే. హైదరాబాద్‌ల మా కంపెనీ చేసేది గదే. మొదటి నమూనా ఎక్కడ పెడుదమని సారు అడిగితే మా ఇంట్లనే అని ఎగిరి దుంకిన. నన్ను చెప్పుతోటి కొట్టాలె.

"ఎప్పుడెప్పుడు మొదలైతాంది బాపూ?"

"కరెంటు పోయి వచ్చినప్పుడల్ల."

సమజైంది. మా దిక్కు ప్రతి బోరుకు ఆటోస్టార్టర్ ఉంటది. కరెంటు రాంగనే చుట్టుపక్కల మోటర్లన్నీ ఒక్కపారే లేస్తయ్. అప్పుడు లైన్ల పుట్టే కరెంటు గోల ఇంతంత కాదు. వెంట్రుక కన్న సన్నమున్న నా తీగలు ఆ గోలనే వేలనుకుంటున్నయ్. గోల తగలకుండ నడుమ ఒక అడ్డం తీగ వేసి, దాన్ని ఎర్తింగుకు కలిపిన. ఆఫీసుల మంచిగనే పనిచేసింది. కాని మా దేవరకొండ దిక్కు రాతినేల. ఎండకాలం ఎర్త్ గుంత ఎండిపోతది, బొక్కెనెడు నీళ్లు పోస్తెనే పనిచేస్తది. చిన్నప్పుడు రోజూ ఆ నీళ్లు పోసింది నేనే. కంప్యూటర్ ముంగట కూసున్నంక గది యాదికే రాలే. మట్టిబుర్ర!

"సరే, మెయిన్ స్విచ్ కిందికి గుంజిపెట్టు. కొత్త స్క్రీన్ పట్టుకొని వస్తున్న."

"మెయిన్ స్విచ్ యాడిదే? పీకేపిచ్చిన గదా."

"ఏందీ?"

"నా బిడ్డ చేసింది ఉండంగ ఆ ఇనుప హ్యాండిల్ ఎందుకని. ముజఫ్ఫర్ వద్దనే అన్నడు, నేనే ఇనలే."

ముజఫ్ఫర్ చాచా మా ఊర్ల కరెంటు పని చేస్తడు. ఆయన మాట కూడ ఇనలేదంటే ఇగ ఎవరి మాట ఇంటడు? "నేను వచ్చేదాంక మిషన్ల చెయ్యి పెట్టకు, నీకు దండం పెడ్త" అన్న. "సరే తియ్" అన్నడు. మా బాపు సరే తియ్ అన్నడంటే ఇనలేదన్నట్టే.

బల్ల మీదున్న కొత్త స్క్రీన్ సంచిల వేసుకొని బస్సెక్కిన. అది ఫ్యాక్టరీలల్ల గోలకని నేను మొన్ననే మార్చి గీసింది. దాంట్ల తీగలు జంటలు జంటలుగ పోతయ్. ఒకటి వేలును, గోలను రెండిటినీ ఇంటది. పక్కది ఒట్టి గోలనే ఇంటది. మొదటిదాంట్లకెళ్లి రెండోది తీసేస్తే మిగిలేది వేలు. ఇగ అడ్డం తీగతోటి, ఎర్త్ గుంతతోటి పనే లేదు. కాని సంచిల ఉంటే ఏం లాభం?

మాల్ ఊరు దాటినంక గాలిదుమారం లేచింది. బాపుకు ఫోన్ చేస్తే ఎత్తలే. మళ్ల చేసిన, ఎత్తలే. అమ్మ మోత్కూర్‌ల పెండ్లికి పోయింది. ముజఫ్ఫర్ చాచాకు చేసిన.

"ఊర్ల కరెంటు లేదమ్మా. గాలికి తీగలు తెగినయ్. లైన్‌మన్ కలుపుతున్నడు, జర సేపట్ల వస్తది."

"చాచా, కరెంటు ఇయ్యొద్దని లైన్‌మన్‌కు చెప్పు! లేకుంటే మా ఇంటికి ఉరుకు."

"ఫికర్ చెయ్యకు, పోతున్న. చెరువు అవతలున్న, జర టైం పడ్తది."

ఫికర్ చెయ్యకుండ ఎట్లుంట? కరెంటు లేదంటే మా బాపుకు ధైర్యం. ఇరికిన చొప్ప గుంజనీకి అప్పుడే చెయ్యి పెడ్తడు. బస్సు ఎవలన్న చెయ్యెత్తితే సాలు ఆగుతాంది. డ్రైవర్ మీద, గాలి మీద, నా మీద, అందరి మీద కోపమొచ్చింది.

స్టేజీ కాడ దిగి ఉరికిన. వాకిట్లకెళ్లి చూస్తే బాపు వంగి, మోచెయ్యి దాంక మిషన్ల పెట్టి చొప్ప గుంజుతున్నడు. అప్పుడే చేన్ల దిక్కు మోటర్లు గుయ్యిమన్నయ్. గోడ మీద స్క్రీన్ వెలిగింది. అది పూర్తిగ లేవనీకి జర సేపు పడ్తది. ఆ సేపట్ల నేను కొట్టం చేరుకోలేను. చెయ్యి తియ్ అని అరవాలె, కాని నోట్లకెళ్లి ఒక్కటే వచ్చింది.

"బాపూ!"

తిరిగి చూసిండు. మొఖం వెలిగింది. రెండు చేతులు సాపి "వచ్చినవా బిడ్డా" అన్నడు.

ఆయన ఎనుక పచ్చ గుర్తు దానంతటదే నొక్కుకున్నది. కత్తులు తిరిగినయ్. ఇరికిన చొప్ప పొట్టు పొట్టై బాపు భుజం మీద పడ్డది. నేను పోయి ఎర్ర గుర్తు నొక్కిన. ఆగలే. మళ్ల నొక్కిన, ఆ గోలల నా వేలు దానికి తెల్వలే. ఆగలే. చాచా రొప్పుకుంట వచ్చి ఫ్యూజు పీకితే ఆగింది.

బాపు చెయ్యి పట్టుకొని ఇటు తిప్పిన, అటు తిప్పిన, వేళ్లన్నీ ఒత్తి చూసిన. "నా మీద అంత నమ్మకం పెట్టమని నీకెవరు చెప్పిండ్రు? హ్యాండిల్ ఎందుకు పీకినవ్?" అని ఏడ్చుకుంటనే తిట్టిన.

"నువ్వు చేసినవ్ గదనే" అన్నడు బాపు మెల్లగ.

కొత్త స్క్రీన్ బిగిచ్చినం. పొద్దు గూకంగ కరెంటు మళ్ల పోయి వచ్చింది. మోటర్లన్నీ ఒక్కపారే లేసినయ్. స్క్రీన్ గమ్మునున్నది. నా వేలు ముడితెనే మిషన్ కదిలింది.

"పాసైనవ్ పో" అన్నడు చాచా.

"హ్యాండిల్ యాడున్నది చాచా?"

గడ్డివాము కింద దొరికింది. చాచా వైర్లు కలిపిండు, స్క్రూలు నేనే బిగిచ్చిన. బాపు మొఖం చిన్నబోయింది. "మంచిగైంది గదా, ఇగ ఇదెందుకు? నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"నీ చెయ్యి కాడ లేదు బాపూ."

తెల్లారి పాలకు వచ్చిన బీరన్నకు బాపు స్క్రీన్ చూపియ్యలే. ఆ ఇనుప హ్యాండిల్ కిందికి గుంజి, పైకి లేపి, "మా బిడ్డ పెట్టింది" అన్నడు.