జానెడున్నర మంచు

సరస్సు మీద మంచు గట్టిపడిందో లేదో చెప్పే పని గ్వాన్ దషెంగ్‌ది. చైనా ఉత్తరపు కొసనున్న హైహ ఊరి చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్ళు నలుగురైదుగురున్నారు గానీ, ఈ సరస్సు మాత్రం ముప్పై ఒక్క చలికాలాలుగా ఆయన చేతిలోనే ఉంది. గునపంతో కన్నం పొడిచి, అందులో చెయ్యి పెట్టి జానలతో మందం కొలుస్తాడు. తర్వాత తన సొంత వ్యాన్‌లో అవతలి గట్టుదాకా వెళ్ళి వస్తాడు. వచ్చి ఒడ్డున ఎర్రజెండా పాతుతాడు. ఆ జెండా లేనిదే, చలిలో పరీక్షించడానికి తెచ్చిన ఏ కంపెనీ కారూ మంచు మీద చక్రం మోపదు. సరస్సుని తెరిచినవాడే ముందు దాటాలన్నది కట్టుబాటు. మునిగితే ముందు వాడే మునుగుతాడు కదా అని మిగతావాళ్ళకి ధీమా.

కట్టుబాటు మంచిదే. కాకపోతే అది పుట్టిన రోజుల్లో కార్లన్నీ పెట్రోలువే. దషెంగ్ డొక్కు వ్యానూ అవీ ఇంచుమించు ఒకే తూకం. ఇప్పుడొచ్చేవి అలా కాదు. కరెంటుతో నడిచేవి, కరెంటూ పెట్రోలూ రెండూ మింగేవి. పైకి నాజూగ్గా కనిపిస్తాయి, కింద నేలంతా బ్యాటరీ. ఒక్కొక్కటీ వ్యాన్‌కి రెండున్నర రెట్లు తూగుతుంది. వాటికి కనీసం జానెడున్నర మంచుండాలి. కార్లు మారాయి కదా, ముందు దాటే బండినీ మార్చాలని ఎవరూ అనలేదు. దషెంగ్ కూడా అనలేదు. డబ్బాలాంటి వ్యాన్, ఊరంతటికీ అలవాటైన వ్యాన్. ఎవరికి తోస్తుంది?

ఆ ఏడాది డిసెంబరు రెండో వారానికి మంచు జానెడు మీద రెండు వేళ్ళుంది.

"ఇంకో ఆరు రోజులు," అన్నాడు దషెంగ్, చెయ్యి కోటుకి తుడుచుకుంటూ.

ఎదురుగా నిలబడ్డవాడు ఫెంగ్, కార్ల కంపెనీ తరఫున దక్షిణాది నుంచి బృందాన్ని వేసుకొచ్చిన మేనేజరు. చెవులు మూసే టోపీలో ముఖం మూడు వంతులు దాక్కున్నా, మిగిలిన ఆ ఒక్క వంతులోనే తొందరంతా కనబడుతోంది.

"ఆరు రోజులా? మాస్టారూ, అవతలి కంపెనీవాళ్ళు కారు విడుదల పది రోజులు ముందుకి జరిపారండీ! చలిలో బ్రేకు పరీక్ష ఫలితాలు గురువారానికల్లా ఇవ్వకపోతే నా సీట్లో ఇంకోడుంటాడు."

"మంచుకి మీ విడుదల తేదీ తెలీదు కదా ఫెంగ్ బాబూ."

"పక్క సరస్సు నిన్ననే తెరిచారట. అక్కడికి పోమంటారా? పోతే వచ్చే ఏడు కూడా అక్కడికే పోతాం. మీ ఊళ్ళో నలభై గదులు తీసుకున్నాం, వంటవాళ్ళని పెట్టుకున్నాం. మీరే చెప్పండి."

తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఈ కంపెనీల సంగతంతా అంతే. ఒకడు ఏడాదిలో కారు తయారుచేస్తే ఇంకొకడు ఎనిమిది నెలల్లో చేస్తాడు, మూడోవాడు ఆరు నెలలంటాడు. ప్రపంచమంతా ముక్కున వేలేసుకుని చూస్తోందని టీవీలో రోజూ చెబుతారు. ఆ పరుగు ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడి నెత్తిన కూర్చోవాలి. ఈసారి దషెంగ్ నెత్తిన కూర్చుంది.

ఆయన కూతురు యింగ్‌నాన్ ఫెంగ్ బృందంలోనే డ్రైవరు. మంచు మీద కారుని బొంగరంలా తిప్పి ఆపగలదు. ఆ పిల్ల కూడా అటే మాట్లాడింది.

"నాన్నా, నువ్వు మరీ చాదస్తం. ఒక్క కారేగా? నెమ్మదిగా తిప్పుతాను. నువ్వు జెండా పాతకపోతే ఊరంతా మనల్ని తిట్టిపోస్తుంది."

"నువ్వే నడుపుతావా?"

"మరెవరు? జాబితాలో రేపు మొదటి పేరు నాదే."

దషెంగ్ ఫెంగ్ దగ్గరికి వెళ్ళాడు. "ఒక్క కారు. గట్టిగా బ్రేకు వెయ్యకూడదు," అన్నాడు. ఫెంగ్ అలాగే అలాగే అని తలూపాడు. బ్రేకు పరీక్షకి వచ్చినవాడు బ్రేకు వెయ్యడని నమ్మేంత అమాయకుడు కాదు దషెంగ్. నమ్మినట్టు ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వ్యాన్‌లో దాటాడు. మంచి మంచు చక్రాల కింద ఖంగుమంటుంది. ఇది మగ్గిన గుమ్మడికాయని తట్టినట్టు బోలుగా పలికింది. వ్యాన్‌కి ఏమీ కాలేదు. కాదని ముందే తెలుసు. అవతలి గట్టున ఆగి, వ్యాన్‌లో కూర్చునే కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయంట. ఇంటికెళ్ళు. ఇప్పుడే."

"ఇప్పుడా? కారెక్కబోతున్నా నాన్నా!"

"అమ్మకంటే కారెక్కువా నీకు? వెళ్ళు."

తర్వాత తిరిగొచ్చి జెండా పాతాడు.

యింగ్‌నాన్ బదులు తాంగ్ బో ఎక్కాడు. దక్షిణాది హునాన్ నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళుంటాయి. ఎక్కడికెళ్ళినా జేబులో ఎండుమిరపకాయల పచ్చడి సీసా. ఆ కారు తలుపు పిడులు తలుపులోనే దాక్కుంటాయి, దగ్గరికెళితే వాటంతటవే బయటికొస్తాయి. ఆ చలికి అవి బిగుసుకుపోతే ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోశాడు.

"బాబాయ్ గారూ, పొద్దున్నే స్నానం చేయించందే ఈ కారు తలుపు తియ్యదండీ, మా ఆవిడే నయం," అని నవ్వాడు.

దషెంగ్ కూడా నవ్వాడు. దిగమని చెప్పడానికి అప్పటికింకా టైముంది.

మొదటి చుట్టు బాగానే సాగింది. రెండో చుట్టులో ఫెంగ్ వైర్‌లెస్‌లో, "గట్టిగా వెయ్యి!" అని అరిచాడు. ముక్కు కిందికి వంగి కారు ఆగింది. ఆగిన చోట మంచు నల్లబడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ముందు చక్రాలు దిగాయి, తర్వాత కారంతా కుంగడం మొదలైంది.

దషెంగ్ గునపం పట్టుకుని పరిగెత్తాడు. ఒడ్డునున్నవాళ్ళు వద్దని అరుస్తూనే ఉన్నారు. కారు వెనక భాగం ఇంకా పైకే ఉంది. తలుపు మీద పిడి కోసం తడిమాడు. నున్నటి రేకు తప్ప చేతికేమీ తగల్లేదు. నీళ్ళు చేరి కరెంటు పోయింది, పిడులు లోపలే ఉండిపోయాయి. గునపంతో అద్దం మీద పొడిచాడు. రెండు పొరల అద్దం, పగుళ్ళు పాకాయి గానీ విరగలేదు. అద్దానికి అవతల తాంగ్ అరచేతులు కొడుతున్నాయి. దషెంగ్ మళ్ళీ పొడిచాడు, మళ్ళీ పొడిచాడు. ఆయన్ని నడుముకి తాడేసి వెనక్కి లాగారు. తాంగ్‌ని బయటికి తీసేసరికి నలభై నిమిషాలు దాటింది.

మధ్యాహ్నం ఫెంగ్ ఆయన పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మీ వ్యాన్ వెళ్ళిన దారి వదిలి డ్రైవరు హద్దు దాటాడని రాద్దాం మాస్టారూ. మీ వ్యాన్ దాటింది, అందరూ చూశారు. కట్టుబాటు ప్రకారం మీ తప్పేమీ లేదు."

నిజమే, కట్టుబాటు ప్రకారం ఏ తప్పూ లేదు. దషెంగ్ తలూపాడు. చచ్చినవాడి మీదకి నెట్టడం ఎంత తేలికో ఆయనకప్పుడు తెలిసింది.

పోలీసు అధికారి ఇంటికొచ్చాడు. తాంగ్ భార్య రైల్లో బయల్దేరిందని చెప్పాడు. దషెంగ్‌నీ కూతుర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి కాయితాలు తీశాడు. వంటగదిలో దషెంగ్ భార్య పిండి పిసుకుతోంది, ఆ చప్పుడు వినబడుతోంది.

"గ్వాన్ గారి వ్యాన్ దాటింది. జెండా పాతారు. కారు హద్దు దాటింది," అని చదివాడు అధికారి. "ఒక్క సంగతి మిగిలింది. జాబితాలో మొదటి పేరు మీదమ్మా. మీరెందుకు ఎక్కలేదు?"

యింగ్‌నాన్ వంటగది వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని దషెంగ్‌కి అనిపించింది.

"మా నాన్న ఇంటికి రమ్మన్నాడు," అంది. "అమ్మకి ఒంట్లో బాలేదని చెప్పాడు. నేనొచ్చేసరికి అమ్మ గుమ్మంలో మంచు ఊడుస్తోంది."

అధికారి కలం ఆగింది. "అంటే?"

"అంటే ఏముంది బాబూ," అన్నాడు దషెంగ్. "ఆ కారు బరువుకి మంచు ఆగదని నాకు తెలుసు. నా పిల్లని దింపేసుకున్నా. రాసుకోండి."