అభిరామి ఇంజన్ ఆగే వేళ

దీపాలవేళకు సర్వర్ ఫ్యాన్ ఒక్కసారిగా రొద పెట్టేది. దాని మీద నడిచే తమ గ్రైండర్ల కంపెనీ వెబ్ పేజీలన్నీ కాసేపు బిగుసుకుపోయేవి. కోమలవల్లి చేతిలో పని వదిలి, పూజగదిలోకి తొంగి చూసి, "బిడ్డ వచ్చినాది" అనేది. కొడుకు రామ్‌కుమార్‌కు వెన్ను జలదరించేది. ఇంజనీరింగు చదివినవాడే, ఏం లాభం!

ఆ సర్వర్ మీద పేజీలు నడిపే స్క్రిప్టింగ్ ఇంజన్ అనే ప్రోగ్రాము రాసింది అతని చెల్లెలు అభిరామి. పెళ్ళి కాకుండానే జ్వరానికి పోయింది. అలా పోయిన పిల్ల, కోయంబత్తూరులోని ఆ తెలుగిళ్ళలో పూజలందుకునే కన్నెదేవత. ఆమె పావడా దాచిన పెట్టె పక్కనే సర్వర్‌నీ పెట్టించింది తల్లి. కన్నె వస్తువేదీ గడప దాటకూడదని పట్టు.

కానీ ఇంజన్‌ని ఓపెన్ సోర్స్ చేయాలని, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వాడుకోవాలని అభిరామి ఎంత పోరేదో! "పోయేది నకలేనమ్మా, అసలు మనింట్లోనే ఉంటాది" అని తల్లిని బతిమాలి, చెల్లి పేరుతోనే కోడంతా నెట్‌లో పెట్టాడు రామ్‌కుమార్.

నెల తిరక్కుండానే ఎవడో పోలండువాడు దిద్దుబాటు పంపాడు. వాడేసిన మెమరీని ఇంజన్ ఎప్పటికప్పుడు వదలడం లేదట. రోజంతా పేరుకున్న చెత్తను సాయంత్రం ఒక్క పెట్టున ఊడుస్తూ ఆగిపోతోందట. రామ్‌కుమార్‌కు ఒళ్ళు మండిపోయింది. నిన్నెవడు అడిగాడురా! ఒప్పుకుంటే అమ్మకు బిడ్డ రాక ఆగిపోతుంది. ఒప్పుకోకపోతే వాడుకునేవాళ్ళందరి పేజీలూ రోజూ చస్తూనే ఉంటాయి.

"ఏమి సామీ, మొగం అట్లుండాది?" అంది కోమలవల్లి. దాచలేక చెప్పేశాడు.

ఆమె పూజగది వైపు తిరిగింది. "అప్పిడియా? అట్లనా? అది నా బిడ్డ రావడం కాదా?"

"కాదమ్మా. ఇంజన్లో తప్పు."

"అయ్యో, ఆ తప్పు మోసుకోని ఊరెల్లా తిరగతా ఉండాదా దాని పేరు? పావంరా. సరిసేసెయ్యి."

"మళ్ళా ఎప్పుడూ ఆగదమ్మా."

"తెలస్తా ఉండాది. సెయ్యి."

చేశాడు. 

మర్నాడు దీపాలవేళకు కోమలవల్లి సర్వర్ ముందు కూర్చుంది. ఫ్యాన్ పలకలేదు. పేజీలు చకచకా తెరుచుకుంటూనే ఉన్నాయి. ఆ రొదకే ఇన్నాళ్ళూ భయపడ్డానా అనుకున్నాడు రామ్‌కుమార్. 

"లేమ్మా" అన్నాడు.

"నువ్వు బయటుండు రామూ" అంది తల్లి, గోడ వైపే చూస్తూ. "దినామూ వస్తా ఉండాదే అని ఇన్నాళ్ళూ దానికోసం నేను ఏడవలేదు."