చున్నీ ముడి కింద రేడియో

కెనడాలో బ్రాంప్టన్ పొలిమేర దాటాక ఉన్న మంచుగుట్ట మీద స్వీటీ ఆ ఆదివారం పొద్దుట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. జనం రబ్బరు ట్యూబుల్లో కూర్చుంటే వాళ్ళను పైనుంచి కిందికి తోయడం ఆమె పార్ట్‌టైమ్ ఉద్యోగం. కింద ప్రజ్వల్ ఉంటాడు, కాలేజీలో ఆమె క్లాస్‌మేటే. ముందు జారినవాళ్ళు లేచి పక్కకు తప్పుకున్నాక అతను వాకీటాకీలో "క్లియర్" అంటాడు. ఆ మాట వినపడనిదే ఎవరినీ తోయకూడదు. ఉన్న రూలల్లా అదొక్కటే.

కానీ ఆ చలికి మనుషులకన్నా ముందు బ్యాటరీలు చస్తాయి. పోయిన వారం స్వీటీ దగ్గరున్న వాకీటాకీ రేడియో మధ్యాహ్నానికే మూగబోయింది. ఇంకోసారి ఇలా జరిగితే షిఫ్టులుండవని సూపర్‌వైజర్ అందరి ముందూ కడిగేసింది. ఏలూరు ఎండల్లో పెరిగిన పిల్లకు బ్యాటరీకి కూడా చలేస్తుందని ఎవరు చెప్పారు గనక?

చివరికి చెప్పింది ప్రజ్వలే. "కోటు లోపలి జేబులో పెట్టుకో, ఒంటి వేడి తగలాలె. బటన్ మీద ఏం ఒత్తకుండ చూస్కో" అన్నాడు. స్వీటీ సగమే విన్నది. భయం చేరిన చెవిలో సగమేగా పట్టేది! అమ్మమ్మ చిల్లర సంచి దోపుకున్నట్టు రేడియోను బొడ్లో దోపి, జారిపోకుండా చున్నీ చుట్టి బిగించి ముడేసింది. దానిమీద స్వెట్టరు, ఆపైన కోటు. లోపల్నుంచి "క్లియర్" సన్నగా వినపడుతూనే ఉంది. హమ్మయ్య అనుకుంది.

మధ్యాహ్నానికి మంచు చిమ్మడం మొదలై కింద ఏమీ కనపడకుండా పోయింది. స్వీటీ బాగా వంగి ఒక పిల్లాడి ట్యూబు తోసింది. ఆ తర్వాత "క్లియర్" రాలేదు.

ఎంత చెవి రిక్కించినా రాలేదు.

"ఇంత కప్పినా చచ్చావా, నీ మొహం మండ!" అని తిట్టుకుంది. తర్వాతి ట్యూబులో కూర్చున్న భారీ మనిషి "వెళ్ళొచ్చా?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. వెనక వరస గొణుగుతోంది. కోటు విప్పి చూద్దామంటే టికెట్ల గది దగ్గర్నుంచి సూపర్‌వైజర్ గబగబా ఇటే వస్తోంది. విప్పితే రేడియో పోయిందని తనే చాటుకున్నట్టు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

"ఇంతసేపయింది, పిల్లాడు లేచే ఉంటాడు" అంది పైకే. "ఏమవుద్దిలే. తోసేస్తున్నా. ప్రభువా, తోసేస్తున్నా!"

తోసేసింది.

తోసిన మరుక్షణం ఆమె చెయ్యి కోటు జిప్పు మీదికి పోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది. జిప్పు లాగి చూస్తే ఏముంది, వంగినప్పుడు జరిగిన చున్నీ ముడి సరిగ్గా బటన్ మీద కూర్చుని ఉంది. బటన్ నొక్కి ఉన్నంతసేపూ మన మాట అందరికీ వెళ్తుంది, ఎవరి మాటా మనకు రాదు. బ్యాటరీ నిక్షేపంగా ఉంది.

పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తింది. పిల్లాడు కంచె పక్కన ఏడుస్తున్నాడు, ఒంటిమీద గీతైనా లేదు. భారీ మనిషి ట్యూబు గుద్దేసి ప్రజ్వల్ దారి మధ్యలో మోకాలు పట్టుకుని పడి ఉన్నాడు.

"వాని బూటు మంచులో ఇరుక్కుంది. ఆపమని ఎంత ఒర్లినా నీకు పోలే" అన్నాడు.

"మరి నేను తోస్తున్నట్టు నీకెలా తెలిసింది?"

"నువ్వే చెప్పినవ్ కదా, తోసేస్తున్నా అని. అందుకే ఉరికొచ్చి వాణ్ణి అవతలికి నూకిన."

ఆమె మాటలు ఆ ఛానెల్లో అందరూ విన్నారు. తెలుగు తెలిసింది అతనొక్కడికే.

ఇంతలో సూపర్‌వైజర్ రొప్పుతూ వచ్చి ఇంగ్లీషులో అందుకుంది. "నీ బటన్ ఇరుక్కుందని చెబుదామని వస్తున్నా, ఇంతలోనే పంపేశావేంటి? ప్రజ్వల్, నువ్వు క్లియర్ ఇచ్చావా?"

ప్రజ్వల్ స్వీటీ మొహంలోకి చూశాడు. "ఇచ్చిన మేడమ్" అన్నాడు.

"ఇవ్వలేదు" అంది స్వీటీ. "నేనే తోశాను."